‘సంతకం పెడితే పానం రాసిచ్చినట్టే’ అన్నది నిజం కాదు

వరంగల్, భూపాలపల్లి, జమ్మికుంట వైపు వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతున్నది: “పెద్ద దవాఖానల సంతకం పెట్టిస్తే మందుల ప్రయోగంల కలిపినట్టే. నడుమ బయటికి రారాదు. పానం పోయినా కేసు లేదు, పైసా రాదు. ఏ కాయితం మీదా సంతకం పెట్టకుర్రి.”

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకాలు వేసిన అధ్యయనంలో, చాలామంది హాస్టల్ పిల్లల పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అయినా ఈ సందేశంలోని ఒక్కో మాటా తప్పే. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ (మనుషులపై మందుల ప్రయోగాలు) నియమాలు.

‘ఏ సంతకమైనా ప్రయోగానికే’ అన్నది అన్నిటికంటే ప్రమాదకరం. ఆపరేషన్‌కు, మత్తుకు, రక్తం ఎక్కించడానికి తీసుకునే సంతకాలు వేరు. వాటిని ఆపితే వైద్యమే ఆగుతుంది. ట్రయల్ పత్రంలో ఇది పరిశోధన అని స్పష్టంగా ఉండాలి. ఎన్నాళ్లు, ఏ పరీక్షలు, ఏ ముప్పు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవీ ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో. చదువు రానివారికి సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనుండి సంతకం చేయాలి.

‘నడుమ బయటికి రారాదు’ అన్నదీ అబద్ధం. కారణం చెప్పకుండా ఏ రోజైనా మానేయొచ్చు. మామూలు వైద్యం ఆపకూడదు. అయితే గోలీలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్ల వంటివి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ట్రయల్ డాక్టర్‌కు చెప్పి ఆపండి.

ఇక ‘పైసా రాదు’ అన్న మాట. ట్రయల్ వల్ల హాని జరిగితే ముందు ఉచిత వైద్యం. మరణమైనా, ప్రాణాపాయమైనా ట్రయల్ డాక్టర్ 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, ట్రయల్ జరిపించే కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి (పాల్గొనేవారి భద్రత, హక్కులు చూసే సంఘం) తెలపాలి. మరణానికి ట్రయలే కారణమని తేలితే పరిహారానికి లెక్క ఉంది: 8 లక్షలను వయసును బట్టి నియమాల్లో ఇచ్చిన అంకెతో (వయసుతోనే కాదు), ఆరోగ్య స్థితి అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. ఆరోగ్య స్థితి అంకె చివరి దశ రోగికి 0.5, పూర్తి ఆరోగ్యవంతుడికి 4. 65 దాటిన ఆరోగ్యవంతుడైతే 32 లక్షలు. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది. ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశం వచ్చాక 30 రోజుల్లో కంపెనీ కట్టాలి. హక్కులు వదులుకుంటున్నానని పత్రంలో రాయించుకోవడం కూడా కుదరదు.

డబ్బు చిక్కుకునేది ఎక్కువగా కాగితాల దగ్గరే. సమ్మతి పత్రంలో నామినీ పేరు, చిరునామా, బంధుత్వం రాసే చోటు ఖాళీగా వదిలితే కుటుంబం హక్కుదారు రుజువుల కోసం తిరగాల్సి వస్తుంది. సంతకమైన పత్రం నకలు మీకివ్వడం తప్పనిసరి. అడిగి తీసుకుని ఇంట్లోవాళ్లకు చూపండి.

ఆరోగ్యంగా ఉన్న యువకులు ఏజెంట్ల మాట మీద డబ్బు కోసం వెళ్లే అధ్యయనాల్లో ఇంకో ముప్పుంది. మొన్ననే వేరే చోట పాల్గొన్న సంగతి దాచమంటారు. పాత మందు ఒంట్లో ఉండగా కొత్తది పడితే రెండూ కలిసి కాలేయాన్ని దెబ్బతీయొచ్చు; డాక్టర్‌కు కారణం కూడా అంతుపట్టదు. దాచమన్న ఏజెంట్ వెంట వెళ్లకండి.