ఆ బ్యాగు బంగారం కన్నా మేలట!

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి కొన్ని నెలలకోసారి ఒకే మెసేజ్ తిరిగి తిరిగి వస్తుంది. ఒకసారి బెంగళూరులో ఉన్న మేనకోడలు పంపితే, ఇంకోసారి డాలస్‌లో ఉన్న బావ పంపుతాడు. అందులో ఉండేది ఇదీ: “మాంద్యం అని భయపడి ఖర్చు ఆపేవాళ్లు అమాయకులు. తెలివైనవాళ్లు ఇలాంటప్పుడే లగ్జరీ కొంటారు. బర్కిన్ బ్యాగు 35 ఏళ్లలో ఏటా సగటున 14.2 శాతం పెరిగింది, బంగారం 1.9 శాతమే. లగ్జరీకి మాంద్యం ఉండదు. కష్టకాలంలో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరగడమే దానికి రుజువు. పైగా మీ డబ్బుతో చేతిపనివాళ్లు బతుకుతారు. చేతిలో డబ్బు లేదా? నో కాస్ట్ ఈఎంఐ ఉండనే ఉంది.”

ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో ఇది చదివి ఎవరైనా నిజంగానే కార్డు గీకేస్తారేమోనని నా టెన్షన్. డబ్బున్నవాళ్లు సరదా పడి కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆ సరదాకి పెట్టుబడి అని పేరు పెట్టడంతోనే నా పేచీ.

బర్కిన్ అంటే ఎర్మెస్ అనే ఫ్రెంచి కంపెనీ అమ్మే లక్షల ఖరీదు హ్యాండ్‌బ్యాగు. ముందు ఆ 14.2 సంగతి చూద్దాం. ఈ అంకె 2016 జనవరిలో బయటికొచ్చింది. లెక్కగట్టింది బ్యాగ్‌హంటర్. అది ఆర్థిక పరిశోధన సంస్థేమీ కాదు, ఖరీదైన బ్యాగులు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ. సరుకూ వాళ్లదే, తూకమూ వాళ్లదే. పోనీ తూకమైనా సరిగ్గా ఉందా అంటే, అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది: 35 ఏళ్లలో బ్యాగు విలువ 500 శాతం పెరిగిందని. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. 500 శాతం పెరగడమంటే లక్ష రూపాయలు ఆరు లక్షలు కావడం. అందుకు ఏటా 5 శాతం పైచిలుకు పెరిగితే చాలు. నిజంగా ఏటా 14.2 శాతం చొప్పున చక్రవడ్డీలా పెరిగి ఉంటే ఆ లక్ష కోటి దాటి ఉండేది. ఆరు లక్షలెక్కడ, కోటి ఎక్కడ! ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తే రెండు నిమిషాల్లో తేలే విషయం ఇది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 నుంచి 35 ఏళ్లు వెనక్కి వెళ్తే 1981కి చేరతాం. ఎర్మెస్ కంపెనీ బర్కిన్ బ్యాగు తెచ్చిందే 1984లో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని బ్యాగుకి మూడేళ్ల ధర కట్టేశారు.

బంగారానికేమో దాదాపు దాని ధర నెత్తి మీద నుంచి కొలత మొదలుపెట్టారు. 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు ఎగిసింది. తర్వాత ఇరవై ఏళ్లు నీరసపడి 1999లో 250 డాలర్ల దగ్గరికొచ్చింది. 1980ల మొదట్లో మొదలుపెట్టి కొలిస్తే అది వెలవెలబోకుండా ఉంటుందా? అదే 1999 నుంచి కొలిస్తే, 2015 చివరికి నాలుగు రెట్లు పైనే. నాకు అనుకూలమైన ఏడాది నేనూ ఎంచుకున్నానంటారా, ఎంచుకున్నాను. మొదటి ఏడాదిని మన ఇష్టానికి వదిలేస్తే దేన్నైనా గెలిపించొచ్చు.

అంకెలు పక్కన పెట్టినా, మెసేజ్ చదివి షాపుకెళ్లినవాళ్లకి దొరికేది బర్కిన్ కాదు. అది అల్మారాలో పెట్టి అడిగినవాళ్లకల్లా అమ్మే వస్తువు కాదు. అది దక్కాలంటే ముందు ఎర్మెస్ దగ్గరే వేరే వస్తువులు కొంటూ పోవాల్సి వస్తోందని కొందరు 2024లో కాలిఫోర్నియాలో కేసు కూడా వేశారు, అది కోర్టులో నిలవలేదు. చివరికి మనం కొని తెచ్చుకునేది ఇంకేదో బ్రాండు బ్యాగే. అది బయట అమ్మబోతే ఎక్కువ సార్లు కొన్న ధర కూడా రాదు. షనెల్ క్లాసిక్ బ్యాగు 2019లో సుమారు 5,800 డాలర్లుంటే 2024లో పది వేలు దాటింది, చూశారా పెరుగుదల అంటారు. అది షాపువాడు కొత్త బ్యాగుకి వేసిన రేటు. మన బీరువాలో ఉన్న పాతదానికి ఎవరో ఇచ్చే రేటు వేరు, అందులోంచి అమ్మిపెట్టినవాళ్ల కమిషన్ కూడా పోవాలి.

2025 జులైలో పారిస్‌లో సదబీస్ వేలంలో ఒక బర్కిన్ 86 లక్షల యూరోలు పలికింది కదా అని మా బావ అన్నాడు. పలికింది. అది ఈ బ్యాగుకి పేరిచ్చిన నటి, గాయని జేన్ బర్కిన్ సొంత బ్యాగు, ఆమె కోసం చేసిన మొట్టమొదటిది. 2020లో గాంధీగారి కళ్లజోడు బ్రిటన్‌లో 2,60,000 పౌండ్లకు పోయిందని మన కళ్లజోళ్లని వేలానికి పెడతామా?

నాకు అసలు విషయం అనిపించేది ఇంకోటి. కష్టకాలం కోసం దాచుకున్న వస్తువు కష్టం వచ్చిన రోజునే అక్కరకు రావాలి. రాత్రి ఆస్పత్రిలో చేర్చితే పొద్దున్నే నగ పట్టుకెళ్తే, మన చిన్న టౌనులో కూడా దాని విలువలో దాదాపు ముప్పావు వంతు అప్పు గంటలో చేతికొస్తుంది. హాంకాంగ్‌లో బ్యాగుల మీద అప్పులిచ్చేవాళ్లు ఉన్నారు, నిజమే. మన ఊరి తాకట్టు కొట్టులో అదే బ్యాగు పెడితే లోపల ఏముందని అడుగుతారు.

మనకి ఈ పాఠం కొత్తది కూడా కాదు. “పాత పట్టుచీరలు కొంటాం, జరీ కొంటాం” అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లు గుర్తున్నారా? ఒకసారి మా అమ్మ తన కంచిపట్టు చీర బయటికి తీసింది. ఆయన చీర పూర్తిగా మడత కూడా విప్పలేదు. అంచు గీకి చూసి, చేతిలో బరువు ఆడించి, అందులో ఉన్న వెండికి మాత్రం ధర చెప్పాడు. ఆ రంగూ, ఆ నేతా, కొన్న రోజు షాపులో రెండు గంటలు కూర్చుని ఏరుకున్న ముచ్చటా ఏవీ లెక్కలోకి రాలేదు. అమ్మ చీర మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఆ చీర దండగని ఆమె ఎప్పుడూ అనలేదు, పెట్టుబడి అని కూడా అనలేదు.

లగ్జరీకి మాంద్యం ఉండదన్న మాటకి కంపెనీల సొంత లెక్కలే జవాబు. 2024లో గూచీ అమ్మకాలు 23 శాతం పడ్డాయి. లూయీ విట్టన్, డియోర్ లాంటి బ్రాండ్లున్న ఎల్‌వీఎంహెచ్ గ్రూపు మొత్తం ఆదాయం 2 శాతం తగ్గింది. రెండేళ్లలో సుమారు 5 కోట్ల మంది లగ్జరీ కొనడం మానేశారని లేదా మానేయాల్సి వచ్చిందని అదే ఏడాది బెయిన్ అనే కన్సల్టింగ్ సంస్థ చెప్పింది. ఎర్మెస్ మాత్రం పెరిగింది. ధర చూడకుండా కొనేవాళ్లకి మాంద్యం తగల్లేదు, అప్పోసప్పో చేసి కొనేవాళ్లకి తగిలింది. ఈ మెసేజ్ చేరేదేమో రెండో రకం వాళ్లకి.

లిప్‌స్టిక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2001లో ఆ మాటని ప్రచారంలో పెట్టింది ఎస్టీ లాడర్ కంపెనీ అధిపతి లెనార్డ్ లాడర్, అంటే లిప్‌స్టిక్ అమ్మే ఆయనే. 2020లో అంతకు మించిన కష్టకాలం వచ్చింది, మూతికి మాస్కులొచ్చి లిప్‌స్టిక్ అమ్మకాలు పడిపోయాయి. అయినా చిన్న సరదాతో సరిపెట్టుకున్నారంటే పెద్ద ఖర్చు మానుకున్నారనే కదా అర్థం? లక్షల బ్యాగుకి అది రుజువెలా అవుతుంది?

చేతిపనివాళ్ల మాట దగ్గర నేను కాస్త తడబడ్డాను, ఎందుకంటే అందులో కొంత నిజముంది. పారిస్ ఫ్యాషన్ కంపెనీలకి ముంబైలో ఎంబ్రాయిడరీ చేసి బతికే కుటుంబాలున్నాయి. కానీ బిల్లులో వాళ్లకెంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్‌కి చెందిన ఒక తయారీ కంపెనీని ఏడాది పాటు పర్యవేక్షణలో పెట్టింది. సబ్ కాంట్రాక్టర్లు కూలీలతో ఎలా పని చేయిస్తున్నారో పట్టించుకోలేదని. షాపులో 2,600 యూరోలకు అమ్మే బ్యాగుని తయారు చేసిచ్చినందుకు సరఫరాదారుకి ముట్టింది 53 యూరోలని అక్కడి దర్యాప్తులో తేలింది. తోలు ఖర్చు అందులో లేదు, తర్వాత 2025లో ఆ పర్యవేక్షణ ఎత్తేశారు కూడా. అయినా 53కీ 2,600కీ మధ్య ఉన్న దూరం పూడ్చాలంటే చాలా తోలు కావాలి.

చివరిది నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మనకి రాకుండా పోయిన డిస్కౌంట్‌లోనో దాక్కుంటుంది, దాని మీద జీఎస్టీ వేరే. అదంతా వాయిదాలు సరిగ్గా కట్టినన్నాళ్లు. ఉద్యోగం పోయి రెండు నెలలు తప్పితే కార్డు బాకీ మీద వడ్డీ నెలకి మూడున్నర శాతం దాకా, అంటే ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల నడుస్తుంది. బ్యాగ్‌హంటర్ చెప్పిన 14.2 శాతం అక్షరాలా నిజమే అనుకుందాం. ఆ బ్యాగు రెండున్నరేళ్లలో పెరిగేంత ఈ బాకీ ఏడాది తిరిగేసరికే పెరుగుతుంది.