సైటేషన్‌కు లింకు కలిపే సాఫ్ట్‌వేర్‌కు మన 1/70 కూడా తెలియాలి

తీర్పులోనో పిటిషన్‌లోనో సైటేషన్ (ఒక తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు) ఎక్కడ కనిపించినా దానంతట అదే గుర్తించి, అసలు తీర్పుకు లింకు కలిపే సాఫ్ట్‌వేర్ పెద్ద నగరాల పెద్ద ఆఫీసులకే కావాల్సిన సౌకర్యమన్న అభిప్రాయం మన న్యాయవాదుల్లో చాలామందికి ఉంది. హనుమకొండ అదాలత్‌లో ప్రాక్టీసు చేస్తున్న నేను దీన్ని ఒప్పుకోను. పెద్ద సీనియర్ల ఆఫీసుల్లో గోడల నిండా తీర్పులను అచ్చువేసే ఏఐఆర్, ఎస్‌సీసీ వంటి రిపోర్టర్ల వాల్యూములుంటాయి. ములుగు నుంచో పరకాల నుంచో వచ్చి కొత్తగా జూనియర్‌గా చేరిన అమ్మాయి చేతిలో ఉన్నది ఫోను మాత్రమే. ఎదుటి వకీలు చెప్పిన తీర్పును వాదన ముగిసేలోపు తెరిచి, హెడ్‌నోట్‌తో (తీర్పు ముందు ఇచ్చే సారాంశంతో) సరిపెట్టుకోకుండా అసలు పేరా చదవాల్సిన అవసరం అందరికన్నా ఆమెకే ఎక్కువ.

ఇందులో జరిగే పని అర్థం చేసుకోలేనంత కష్టమైనది కాదు. సంవత్సరం, వాల్యూము, రిపోర్టర్ సంక్షిప్త నామం, పేజీ సంఖ్య ఏ వరుసలో వస్తాయో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి ఉంచుతారు. కేశవానంద భారతి తీర్పును ఒకరు ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అని, ఇంకొకరు (1973) 4 ఎస్‌సీసీ 225 అని రాస్తారు. రెండూ ఒక్కటేనని పట్టిక చూసి అది పోల్చుకుంటుంది. 2008లో మొదలైన ఇండియన్ కానూన్ వల్ల ఈ లింకుల విలువ మామూలు పాఠకులకు కూడా తెలిసింది. అమెరికాలో ఫ్రీ లా ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ‘ఐసైట్’ అనే పరికరాన్ని ఉచితంగా, కోడ్‌తో సహా ఇచ్చింది. అయితే అది అక్కడి రిపోర్టర్ల కోసం తయారైనది. మన హైకోర్టు తీర్పులను అచ్చువేసే ఏఎల్‌టీ, ఏఎల్‌డీల సంగతి మనమే చూసుకోవాలి.

నా అసలు ఆవేదన ఇక్కడే. మా దగ్గర నడిచే కేసుల్లో భూమి తగాదాలు ఎక్కువ. ఏజెన్సీ భూముల విషయంలో వకీళ్లూ, రెవెన్యూ వాళ్లూ, రైతులూ అందరూ ‘1/70’ అనే అంటారు. అది 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను సవరించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్. అసైన్డ్ భూములకు ‘9/77’ (1977 నాటి 9వ చట్టం), రక్షిత కౌలుదారులకు ‘38-ఇ’ (కౌలుదారీ చట్టంలోని సెక్షన్) అన్న మాటలూ అలాంటివే. వీటిని భిన్నాలుగానో తేదీలుగానో చూసి వదిలేసే సాఫ్ట్‌వేర్ మాకు సగం పని కూడా చేయదు. పైగా రాష్ట్ర విభజన తర్వాత చాలా చట్టాల పేర్లలో ‘ఆంధ్రప్రదేశ్’ పోయి ‘తెలంగాణ’ వచ్చింది. ఉమ్మడి హైకోర్టు తీర్పుల్లో మాత్రం పాత పేరే ఉంటుంది. అవి రెండు వేర్వేరు చట్టాలని సాఫ్ట్‌వేర్ అనుకుంటే దశాబ్దాల తీర్పులు మనకు అందకుండా పోతాయి.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక ఈ ప్రమాదం మరింత పెరిగింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 482 అంటే హైకోర్టు స్వతఃసిద్ధ అధికారం; దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే 482 ముందస్తు బెయిలు. చట్టం పేరు చూడకుండా అంకెను బట్టి లింకు కలిపితే, మనిషి స్వేచ్ఛకు సంబంధించిన పిటిషన్‌లోకి సంబంధం లేని తీర్పులు వచ్చి పడతాయి. సరిగ్గా తేల్చుకోలేని చోట తప్పు లింకు ఇవ్వడం కంటే ఖాళీగా వదిలేయడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

లింకు తెరుచుకున్నంత మాత్రాన ఆ తీర్పు నేటికీ చెల్లుతుందని కాదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను హైకోర్టు సమర్థించింది. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. మొదటి తీర్పు తెరిచినవారికి రెండోది కూడా అక్కడే కనిపించాలి.

సుప్రీంకోర్టు 2023లో న్యూట్రల్ సైటేషన్ (కోర్టే తీర్పుకు ఇచ్చే సంఖ్య) తెచ్చి, ప్రైవేటు రిపోర్టర్ కొనకుండానే తీర్పును పేర్కొనే దారి చూపింది. పాత తీర్పుల ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సంఖ్యలను కేసు నంబర్లతో జతచేసే పట్టిక, మారిన చట్టాల పాత, కొత్త పేర్ల పట్టిక కూడా ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా ఉండాలి. హైకోర్టు, న్యాయశాఖ పూనుకుంటే ఇది సాధ్యమే. ఈలోగా మన బార్ అసోసియేషన్, కాకతీయ యూనివర్సిటీ లా విద్యార్థులు కలిసి భూ చట్టాలతోనే ఈ పట్టిక మొదలుపెట్టవచ్చు. ముందుగా 1/70, 9/77, 38-ఇ తీర్పులు తీసుకుందాం.