బ్యాటరీ కేంద్రాల లైన్లకు పాత రిలే సెట్టింగులు చాలవు

బ్యాటరీ నిల్వ కేంద్రాల గురించి మన చర్చంతా ఎన్ని మెగావాట్ అవర్లు, యూనిట్ ఎంతకు పడుతుంది అనే లెక్కల చుట్టూనే తిరుగుతోంది. కేంద్రాన్ని గ్రిడ్‌కు కలిపే 220 కేవీ లైన్‌పై ఫాల్ట్, అంటే షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం, వస్తే కేంద్రం వైపున్న రిలే (లోపాన్ని గుర్తించి బ్రేకర్‌ను తెరిపించే రక్షణ పరికరం) దాన్ని పసిగట్టగలదా అని టెండరు దశలోనే అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

మన లైన్ రక్షణ పద్ధతులు చాలావరకు సింక్రనస్ జనరేటర్లను, అంటే గ్రిడ్ లయకు తగ్గట్టు తిరిగే సంప్రదాయ జనరేటర్లను, దృష్టిలో పెట్టుకొని ఏర్పడ్డవి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో నీటిని తిరిగి ఎగువకు తోడే యూనిట్లూ విద్యుత్తును నిల్వ చేసేవే. అయితే అక్కడ తిరిగేది భారీ యంత్రం కనుక, షార్ట్ సర్క్యూట్ అయిన క్షణంలో అది రేటెడ్ కరెంటుకు (మామూలుగా మోయగల గరిష్ఠ కరెంటుకు) ఎన్నో రెట్లు లైన్‌లోకి వదులుతుంది. బ్యాటరీ కేంద్రంలో డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ మాత్రం, తన సెమీకండక్టర్ స్విచ్‌లు కాలిపోకుండా, ఆ కరెంటును రేటెడ్ కరెంటుకు సుమారు 1.1 నుంచి 1.5 రెట్ల దగ్గరే ఆపేస్తుంది. నిండు లోడుతో డిశ్చార్జి అవుతున్నప్పటి కరెంటుకూ ఫాల్ట్ కరెంటుకూ ఇంత తక్కువ తేడా ఉన్నప్పుడు, కరెంటు హద్దు దాటితేనే స్పందించే ఓవర్ కరెంట్ రిలేను నమ్ముకోవడం ప్రమాదకరం.

వోల్టేజీ, కరెంటులను బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో లెక్కగట్టే డిస్టెన్స్ రిలే ఇబ్బంది ఇంకా లోతైనది. ఫాల్ట్ సమయంలో ఇన్వర్టర్ కరెంటు ఏ కోణంలో ఉండాలో దాని సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది కాబట్టి, ఫాల్ట్ దగ్గర రెసిస్టెన్స్ ఉంటే రిలే లెక్కగట్టే దూరం తప్పవచ్చు. మూడు ఫేజుల మధ్య సమతుల్యం తప్పినప్పుడు కనిపించే నెగెటివ్ సీక్వెన్స్ కరెంటును ఇన్వర్టర్ అణచివేస్తే, ఫాల్ట్ ఏ దిశలో ఉందో చెప్పే రిలే భాగం ముందున్న ఫాల్ట్‌ను వెనకుందని భ్రమపడవచ్చు. ఒక ఫేజు నేలకు తగిలే ఫాల్ట్‌లలో కొంత ఊరట ఉంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ గ్రిడ్ వైపు వైండింగును స్టార్‌గా కలిపి దాని మధ్య బిందువును (న్యూట్రల్‌ను) ఎర్త్ చేసి, మరోవైపు వైండింగును డెల్టాగా కలిపితే, ఇన్వర్టర్‌తో పని లేకుండానే నేల గుండా తిరిగొచ్చే జీరో సీక్వెన్స్ కరెంటు దొరుకుతుంది. రెండు ఫేజులు నేలతో సంబంధం లేకుండా ఒకదానికొకటి తగిలితే ఆ ఆసరా కూడా ఉండదు.

అందుకే ఇలాంటి లైన్లకు డిఫరెన్షియల్ రిలేనే ప్రధాన రక్షణ కావాలి. అది రెండు చివరల కరెంట్లను ఫైబర్ మీదుగా పోల్చి చూస్తుంది కనుక, కేంద్రం ఇచ్చే కరెంటు బలహీనమైనా గ్రిడ్ నుంచి వచ్చే బలమైన కరెంటుతోనే తేడా బయటపడి, రెండు చివరల బ్రేకర్లూ తెరుచుకుంటాయి. అయితే ఫైబర్ తెగిన రోజున మళ్లీ డిస్టెన్స్ రిలేయే దిక్కు. 220 కేవీ లైన్‌లో ఫాల్ట్‌ను 160 మిల్లీసెకన్లలో తొలగించాలన్న మన ప్రమాణం ఆ రోజూ నిలవాలంటే, వేర్వేరు మార్గాల్లో రెండు ఫైబర్లు వేయాల్సిందే. ఆ ఖర్చును అనవసరమని కొట్టేసేవారితో నేను ఏకీభవించలేను.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఫర్మ్‌వేర్, అంటే ఇన్వర్టర్‌ను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్. జనరేటర్ ఇంపిడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) ఏళ్ల తరబడి దాదాపు మారదు, ఇన్వర్టర్ ప్రవర్తన ఒక్క అప్‌డేట్‌తో మారిపోవచ్చు. కాలిఫోర్నియాలో 2022 మార్చి 9న, ఏప్రిల్ 6న లైన్ ఫాల్ట్‌లు మామూలుగానే తొలగినా బ్యాటరీ కేంద్రాల ఉత్పత్తి పడిపోయిందంటే, ఇన్వర్టర్ లోపలి సెట్టింగులు ఎంత కీలకమో తెలుస్తుంది. అసమతుల్య ఫాల్ట్‌లలో నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు ఇవ్వాలని ఇన్వర్టర్ ఆధారిత కేంద్రాల కోసం అదే ఏడాది అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ తెచ్చిన 2800 ప్రమాణం చెబుతోంది. ఆ షరతునూ, పరీక్షించి సరిచూసిన ఇన్వర్టర్ కంప్యూటర్ మోడల్‌నూ మన టెండర్లలో తప్పనిసరి చేయాలి. అప్‌డేట్ వేసే ముందు ట్రాన్స్‌మిషన్ సంస్థ రక్షణ విభాగానికి తెలియజేసి, రిలే సెట్టింగులను మళ్లీ సరిచూపించి, ఆ ఇంజినీరు సంతకం పడ్డాకే కేంద్రాన్ని తిరిగి లైన్‌కు కలపాలి.