పిల్లలు కదులుతున్నారు, తక్షణ చర్యలు అవసరం

దేశంలో సమస్యలు చాలానే ఉన్నాయి. వాటిని చూసుకోవడానికి పెద్దలున్నారు కాబట్టి, ఎవరూ పట్టించుకోని ఒక సమస్యతో నేను మీ ముందుకొస్తున్నాను. పుట్టినరోజు ఫంక్షన్లలో పిల్లలు కదులుతున్నారు. కొందరైతే ఏకంగా పరిగెడుతున్నారు.

మొన్న శనివారం మా బావమరిది కొడుకు బుజ్జిగాడి నాలుగో పుట్టినరోజు. కూకట్‌పల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చేశారు. "బావా, నీ దగ్గర పెద్ద కెమెరా ఉందిగా, మళ్లీ ఫొటోగ్రాఫర్ ఎందుకు దండగ" అన్నాడు బావమరిది. పక్కనే నా భార్య ఉంది కాబట్టి కాదనే హక్కు నాకు రాజ్యాంగం ఇవ్వలేదు. ఇంకా ఐదు ఈఎంఐలు బాకీ ఉన్న కెమెరా మెడలో వేసుకుని పదవీ బాధ్యతలు స్వీకరించాను.

రాత్రి ఇంటికొచ్చి లెక్కపెడితే 640 ఫొటోలు. వాటిలో స్పష్టంగా వచ్చినవి కేకు, థర్మాకోల్ అక్షరాలు, గోడవార కుర్చీలో కునికిపాట్లు పడుతున్న తాతయ్య. తాతయ్య కనుబొమ్మల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆల్బమ్ చూసినవాళ్లెవరైనా పుట్టినరోజు ఆయనదే అనుకుంటారు. బుజ్జిగాడు కొన్నింట్లో మబ్బు, కొన్నింట్లో ఒక చెవి, మిగతావాటిలో ఇప్పుడే వెళ్లిపోయాడు.

ఆడలేక మద్దెల ఓడంటున్నానని అనుకోకండి, లెక్క చూపిస్తాను. క్లబ్‌హౌస్ వెలుతురు మన కంటికి దివ్యంగా ఉంటుంది. కన్ను మధ్యతరగతి మనిషి లాంటిది, ఉన్నదాంతో సర్దుకుపోతుంది. కెమెరా సర్దుకోదు. వెలుతురు చాలక షట్టర్‌ని సెకనులో 30వ వంతు సేపు తెరిచి కూర్చుంటుంది. పిల్లాడు తాపీగా సెకనుకు రెండు మీటర్లు పరిగెత్తాడనుకున్నా, షట్టర్ మూసుకునేలోపు దాదాపు ఏడు సెంటీమీటర్లు జరిగిపోతాడు. ముక్కు ఉండాల్సిన చోటికి చెవి వస్తుంది. 250వ వంతుకు పెడితే జరిగేది ఎనిమిది మిల్లీమీటర్లే, కానీ లోపలికొచ్చే వెలుతురు కూడా ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే చురుకుదనం, 6400కి పెంచితే అందరి మొహాల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గ్రెయిన్. ఇంత గొడవ ఎందుకు? వాడు నిలబడితే పోయేదానికి!

ఫ్లాష్ లేదా అంటారు. ఉంది. మొహం మీద నేరుగా కొడితే పిల్లలు దొంగతనం చేస్తూ దొరికినట్టు వస్తారు. సీలింగ్ వైపు తిప్పి కొట్టాలి, తెల్లటి సీలింగ్‌కి తగిలి వెలుగు మెత్తగా దిగుతుంది, ఇదంతా నేనూ చదివాను. సీలింగ్ కనబడితే కదా! డెకరేషన్ వాళ్లు దాన్నిండా నీలం బెలూన్లు అతికించారు. వెలుగు వాటికి తగిలి నీలంగానే దిగింది. బంధువులందరూ కృష్ణుడి వేషం కట్టడానికి వచ్చినట్టున్నారు, మా మావగారితో సహా.

ఇక కేకు ఘట్టం. బల్ల చుట్టూ ఇరవై ఫోన్లు, ఇరవై గొంతులు, ఒకటే మాట: "బుజ్జీ, ఇటు చూడు." వాడు పాపం అందరి మాటా విన్నాడు. తల రంగులరాట్నంలా తిరిగింది. నాకు దొరకలేదని కొవ్వొత్తి మూడుసార్లు వెలిగించారు, వాడు మూడుసార్లూ నేను ఫోకస్ చేసేలోపే ఊదేశాడు. నాలుగోసారి ఎవరో కొట్టిన ఫోమ్ స్ప్రే సరిగ్గా నా లెన్స్ మీద పడింది. చివరి అస్త్రంగా "స్టాచ్యూ!" అని అరిచాను. హాల్లో పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. బుజ్జిగాడు మాత్రం "నేను టైంప్లీజ్ మావయ్యా" అంటూ నా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయాడు.

చరిత్ర నా పక్షాన ఉంది. 1838లో డాగేర్ అనే ఆయన పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. బండ్లూ జనమూ మాయమైపోయి, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక పెద్దమనిషి మిగిలాడు. ఆయన మా తాతయ్యకి దూరపు చుట్టమని నా నమ్మకం. విక్టోరియా రాణి కాలంలో అయితే పిల్లల ఫొటో కోసం కొందరు తల్లులు తాము కనబడకుండా తల మీదుగా దుప్పటి కప్పుకుని, కుర్చీలా కూర్చుని, ఒళ్లో బిడ్డను కదలకుండా పట్టుకునేవాళ్లు. ఏం క్రమశిక్షణ! బుజ్జిగాడి తల్లికి ఇదే చెప్పి చూశాను. "పట్టుచీర కట్టుకున్నది దుప్పటి కప్పుకోవడానికా అన్నయ్యా?" అంది.

ఫొటోలు చూశాక ఆదివారం పొద్దున కుటుంబం అత్యవసరంగా సమావేశమై, పుట్టినరోజు మళ్లీ జరపాలని తీర్మానించింది. ఈసారి బాల్కనీ తలుపు పక్కన, పదిగంటల వెలుతురులో. అరకిలో కేకు తెప్పించాం. అదే డ్రెస్సు ఉతక్కుండానే తొడిగారు. రాత్రి తిన్న కేకూ మంచూరియా కలిసి కడుపు పాడుచేయడంతో బుజ్జిగాడు కుర్చీలో కూలబడ్డాడు. షట్టర్ 500వ వంతు, ఐఎస్ఓ 200. కనురెప్పల వెంట్రుకలతో సహా పడ్డాయి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే పెద్దత్తయ్య నుంచి మెసేజ్ వచ్చింది: "ఎంత బుద్ధిగా కూర్చున్నాడో నా బంగారు కొండ. దిష్టి తీయండి."