‘అ’ తర్వాత ‘ఆ’ ఎందుకు రావాలి?

ఇంట్లో పిల్లలకు అక్షరాలు దిద్దించే పుస్తకం ఒకటి తెరిచి చూడండి. అ పక్కన అమ్మ, ఆ పక్కన ఆవు, ఇ పక్కన ఇల్లు, ఈ పక్కన ఈగ. తరతరాలుగా ఇదే వరుస. ఆ పేజీని ఒకసారి అయిదేళ్ల పిల్ల కళ్లతో చూడండి. ‘అమ్మ’ అన్న మాటలో ఆ పిల్లకు ఇవాళ నేర్పుతున్నది అ ఒక్కటే. రెండో అక్షరంలో మ కింద మావత్తు ఉంది. వత్తులు నేర్పేది గుణింతాలన్నీ అయ్యాక, నెలల తర్వాత. ‘ఇల్లు’లో వత్తూ ఉంది, కొమ్మూ ఉంది. అంటే మొదటి పేజీలోనే పిల్ల చదవలేని మాటలు పెట్టాం. బొమ్మ చూసి ‘అమ్మ’ అంటుంది, చదివిందనుకుని మనం మురిసిపోతాం. ఆరు అక్షరాలు దాటగానే ఋ, ౠ వస్తాయి. ౠ ఉన్న మాట ఆ పిల్లకు బడి చదువు మొత్తంలో ఒక్కసారైనా ఎదురవుతుందా అన్నది సందేహమే.

వర్ణమాల మీద నాకు ఫిర్యాదు లేదు. ధ్వని గొంతులో పుడుతుందా, పెదవుల దగ్గర పుడుతుందా అని చూసి క నుంచి మ వరకు అయిదు వర్గాలుగా పేర్చిన ఆ క్రమాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే అది భాష తెలిసినవారు భాషను అమర్చుకున్న తీరు. కొత్తగా చదవబోయే పిల్లకు కావలసిన వరుస వేరు. వ రాయడం అలవాటైన చేతికి మ ఎంతో దూరం ఉండదు, ప కూడా దూరం ఉండదు. ఒకే వంపు మీద చిన్న చిన్న మార్పులవి. ఈ మూడింటికి ల, న, సున్న చేర్చండి. వల, మనం, వనం, పవనం అన్న మాటలను పిల్ల బొమ్మ సాయం లేకుండా చదవగలదు. నేర్చుకున్న అయిదారు అక్షరాలతోనే నిజంగా చదివిన అనుభవం దొరుకుతుంది. అది దొరికిన పిల్ల మర్నాడు పుస్తకాన్ని తనే తెచ్చుకుంటుంది.

ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగి సాధన చేయించాలి, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలకు నేర్చుకునేవారి వైపు నుంచి జవాబు వెతికే విద్యను ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటున్నారు. తెలుగులో బోధనా రూపకల్పన అనుకుందాం.

దీనికి ఊపిరి పోసింది రెండు ప్రపంచ యుద్ధాలు. మొదటి యుద్ధంలో అమెరికాకు ఓడలు అత్యవసరమయ్యాయి, వాటిని కట్టగల పనివారు చాలలేదు. వేలమందికి త్వరగా పని నేర్పవలసి వచ్చినప్పుడు వృత్తివిద్యా నిపుణుడు చార్లెస్ అలెన్ నాలుగు మెట్ల పద్ధతి వాడాడు. నేర్చుకునే మనిషిని సిద్ధం చేయాలి, పని చూపించాలి, అతనితో చేయించాలి, వచ్చిందో లేదో పరీక్షించాలి. 1919లో దీన్ని పుస్తకంగానూ రాశాడు. రెండో యుద్ధకాలంలో ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం ఈ మెట్లనే జేబులో పట్టే చిన్న కార్డు మీద అచ్చువేసి ఫ్యాక్టరీ మేస్త్రీల చేతికిచ్చింది. ఆ కార్డు మీద ఉన్న ఒక వాక్యం కోసం ఈ శాస్త్రం మొత్తాన్ని చదవవచ్చంటాను: పనివాడు నేర్చుకోలేదంటే, శిక్షకుడు నేర్పలేదు.

ఇది మనకు మింగుడుపడటం కష్టం. ‘వాడి బుర్రకెక్కదు’, ‘ఆ పిల్లకు శ్రద్ధ లేదు’, ‘ఈ బ్యాచి అంతే’ అన్న మాటలు మన బడుల్లోనూ ఇళ్లలోనూ ఎంత తేలికగా దొర్లుతాయో అందరికీ తెలుసు. పాఠం విఫలమైతే ముందు పాఠాన్ని విప్పి చూడాలన్న ఆలోచన మనకు అంత సులువుగా తోచదు. ఉపాధ్యాయుడిని తిట్టమని కూడా దీని అర్థం కాదు. ఆయన చేతికి పాఠాన్ని ఆ రూపంలో ఎవరిచ్చారు, దాన్ని ఎవరిమీద పరీక్షించి చూసి ఇచ్చారు అని అడగమని అర్థం.

యుద్ధం తర్వాతి చరిత్రను త్వరగా చెప్పుకోవచ్చు. 1956లో అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలను వర్గీకరించింది. 1962లో రాబర్ట్ మేగర్ ఒక లక్ష్యంలో మూడు సంగతులు ఉండాలన్నాడు: నేర్చుకున్నవారు ఏం చేసి చూపాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు. యుద్ధకాలంలో సైనిక వైమానిక విభాగంలో పనిచేసిన మనస్తత్వవేత్త రాబర్ట్ గాన్యే, 1965లో ఒక్కో రకం నేర్పుకు ఒక్కో రకం పరిస్థితులు కావాలని వాదించాడు. పద్యం కంఠస్థం చేయడం, భిన్నాలు కూడటం, మోటారు విప్పి బిగించడం ఒకే పద్ధతిలో రావు. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం తయారుచేసిన నమూనా నుంచే విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అన్న అయిదు దశల మాట వాడుకలోకి వచ్చింది. ఇంగ్లిషు తొలి అక్షరాలను కలిపి దాన్ని ‘యాడీ’ (ADDIE) అని పిలుస్తారు. ఈ రంగంలో ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరూ మొదట వల్లించేది ఈ అయిదు పేర్లనే. పేర్లు వల్లించినంత మాత్రాన పని రాదు కాబట్టి ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం.

నీళ్ల విరేచనాలతో బాధపడే బిడ్డకు ఓఆర్‌ఎస్ ఎలా కలిపి తాగించాలో తల్లులకు చూపేలా ఆశా కార్యకర్తలకు ఒక గంట శిక్షణ ఇవ్వాలి అనుకుందాం. మామూలుగా ఎలా తయారవుతుంది? మొదటి స్లయిడు స్వాగతం. తర్వాత విరేచనాలంటే ఏమిటి, ఎన్ని రకాలు, ఏ క్రిములు కారణం, పేగుల బొమ్మ, ఓఆర్‌ఎస్ పూర్తి పేరు, అందులో ఉండే లవణాల జాబితా. చివరి అయిదు నిమిషాల్లో ‘ప్యాకెట్టును లీటరు నీళ్లలో కలపాలి’ అన్న ఒక వాక్యం. ఆపైన పరీక్ష: ఓఆర్‌ఎస్‌ను విస్తరించి రాయుము. అందరూ పాసవుతారు.

రూపకర్త రెండో కొస నుంచి మొదలుపెడతాడు. ఊళ్లో ఆ తల్లి ఇంట్లో పని ఎక్కడ చెడుతోంది? పూర్తి పేరు తెలియక చెడటం లేదు. ఇంట్లో లీటరు కొలత లేక చెడుతోంది. గ్లాసు నీళ్లలో ప్యాకెట్టు మొత్తం గుమ్మరిస్తే ద్రావణం ఉప్పెక్కువై బిడ్డకు హాని చేస్తుంది. బిందెడు నీళ్లలో కలిపితే పలచబడి పనిచేయదు. లీటరుకు సరిపడే 20.5 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్టూ బజారులో ఉంది, చూడకుండా కలిపితే లెక్క తప్పుతుంది. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. జింకు మాత్రలు 14 రోజులు వేయాలి, కానీ మూడో రోజు విరేచనాలు తగ్గగానే ఆపేస్తారు. విశ్లేషణ అంటే ఇదే. ఎక్కువ భాగం ఊళ్లో, వంటింటి గడప దగ్గర కూర్చుని చేసే పని.

అప్పుడు లక్ష్యం ఇలా రాస్తాడు: ఆ ఇంట్లో ఉన్న గిన్నెలు, సీసాలతోనే లీటరు నీళ్లు కొలిచి, ప్యాకెట్టు మీది అంకె చదివి, తల్లి చేత సరిగ్గా కలిపించి చూపాలి. ఇందులో ‘తెలుసుకుంటారు’, ‘అవగాహన పొందుతారు’ వంటి మాటలు లేవు. పరీక్ష ఏమిటో లక్ష్యంలోనే కనిపిస్తోంది. బల్ల మీద రెండు రకాల ప్యాకెట్లు, ఒక చెంబు, ఒక గిన్నె, లీటరు తాగునీటి సీసా ఒకటి పెట్టి, కలపమంటారు. పరీక్ష ముందు తయారైంది కాబట్టి పాఠంలో ఏముండాలో దానంతట అదే తేలుతుంది. క్రిముల పేర్లకు చోటు పోతుంది. లవణాల జాబితా పోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా కనిపించేది ఈ కోతే. విషయ నిపుణుడికి ప్రతి స్లయిడూ ప్రాణప్రదమే. ‘ఇదీ తెలిస్తే మంచిదే కదా’ అంటాడు. మంచిదే, కానీ ఉన్నది ఒక గంట.

కోత ఎందుకు తప్పదో ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1980లలో చేసిన పరిశోధనల వల్ల బాగా తెలిసింది. కొత్త విషయాన్ని పట్టుకుని ఆలోచించే మనసు అరచేయి చాలా చిన్నది. అందులో అనవసరమైనవి పోస్తే అవసరమైనవి జారిపోతాయి. కొత్తగా బీజగణితం నేర్చుకునే పిల్లలకు లెక్కలిచ్చి మీరే చేయండి అని వదిలేయడం కంటే, ముందు పూర్తిగా చేసి చూపిన లెక్కలను పరిశీలించనివ్వడం మేలని ఆయన ప్రయోగాలు తేల్చాయి. మరో సంగతి: 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థుల చేత ఒక గద్యభాగం చదివించారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. పరీక్ష అంటే మార్కుల తూకంగానే చూసే మన సమాజానికి ఈ ఫలితం గట్టిగా చెప్పాలి. భయపెట్టని చిన్న పరీక్ష జ్ఞాపకాన్ని పెంచే ఎరువు.

ఇదంతా పరాయి దేశపు సరుకు అనుకుంటే పొరపాటు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో, చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన పద్ధతి ప్రపంచ స్థాయి బోధనా రూపకల్పన. ఒకే గది, ఒకే పంతులు, నాలుగైదు తరగతుల పిల్లలు. అక్కడ అందరికీ ఒకేసారి పాఠం చెప్పడం కుదరని పని. వారు వాచకాన్ని విడదీసి కార్డులుగా మార్చారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు, ఒక సంఖ్య. గోడ మీద నేర్పు నిచ్చెన. పరిచయం చేసే కార్డు, సాధన కార్డు, పరీక్షించే కార్డు, తడబడినవారికి మళ్లీ నేర్పే కార్డు, ముందే అందుకున్నవారికి అదనపు కార్డు. పిల్ల నిచ్చెన మీద తానెక్కడుందో చూసుకుని తన కార్డు తానే తీసుకుంటుంది. నాలుగు రోజులు పత్తి ఏరడానికి తల్లితో వెళ్లివచ్చినా ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. బడి మానేసిన రోజుల పాఠం పోయిందన్న బెంగ ఉండదు. పంతులు గొంతుకు విశ్రాంతి దొరికి, ఎవరికి అవసరమో వారి పక్కన కూర్చునే తీరిక వస్తుంది.

ఈ పద్ధతిని చూసి వెళ్లిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో ‘నలి కలి’ మొదలుపెట్టారు, తర్వాత అది రాష్ట్రమంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో మొదలైన కృత్యాధార బోధనకూ మూలం ఇక్కడే ఉంది. కొన్నేళ్లకు తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. అంత వేగంగా పెరిగినప్పుడు కొన్నిచోట్ల కార్డులు మొక్కుబడిగా మారిన మాటా నిజమే. నిచ్చెన ఎందుకు అలా వేశారో తెలియని ఉపాధ్యాయుడికి అది మరో రికార్డు మాత్రమే. అయినా మన గడ్డ మీద పుట్టిన ఈ పని గురించి మన డీఎడ్, బీఎడ్ విద్యార్థుల్లో ఎందరికి తెలుసు అన్న ప్రశ్న నన్ను బాధిస్తుంది.

బీఎడ్ అంటే గుర్తొచ్చింది. పాఠ్య పథకం రాసిన ప్రతివారికీ ‘ఉద్దేశాలు, లక్ష్యాలు, స్పష్టీకరణలు’ కంఠతా వచ్చు. ‘విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, ఉదాహరణలిస్తాడు’ అని గళ్లలో నింపి, అట్ట వేసి, రికార్డు సమర్పిస్తారు. బ్లూమ్ ఆలోచనే ఆ గళ్లలో ఉంది. అయితే ఆ స్పష్టీకరణ నిజంగా నెరవేరిందా అని పిల్లవాడి పలక మీద చూసి, నెరవేరకపోతే మర్నాటి పాఠం మార్చే అవకాశం ఆ రికార్డులో ఎక్కడా లేదు. సిలబస్ పూర్తయిందా అన్నదొక్కటే మన తనిఖీలు అడిగే ప్రశ్న.

హైదరాబాద్‌లోని ఈ-లెర్నింగ్ సంస్థల్లో మన యువతీయువకులు విదేశీ కంపెనీల సిబ్బందికి శిక్షణ పాఠాలు రూపొందిస్తున్నారు. ఆ నైపుణ్యం మన మధ్యే ఉంది. మన బడుల విషయానికి వచ్చేసరికి చర్చ తెరల దగ్గరే ఆగిపోతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు ఎన్ని ఇచ్చారు, ఖర్చెంత, ఎవరి కంపెనీ అన్నదాని మీద వాదోపవాదాలు జరిగాయి. అందులోని ఒక పాఠాన్ని ముందు ఎంతమంది పిల్లల దగ్గర కూర్చుని చూశారు అన్న ప్రశ్న వినిపించలేదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇదే తీరు. పరికరం ఫొటోలో కనిపిస్తుంది, పాఠం వరుస కనిపించదు.

అన్నిటినీ కొలవగలమన్న అహంకారం ఈ శాస్త్రంలో లేకపోలేదు. వేమన పద్యం మనసులో దిగి ముప్పయ్యేళ్లకు అర్థమవుతుంది, దాన్ని ఏ స్పష్టీకరణలోనూ పట్టలేం. సాహిత్యం, కళ, విలువల దగ్గర రూపకర్త వినయంగా పక్కకు తప్పుకోవాలి. కానీ మూడో తరగతికి వచ్చినా వాక్యం చదవలేక తలదించుకునే పిల్ల ముందు ఆ వాదన తేవడం న్యాయం కాదు.

ఈ రంగంలో ‘నిర్మాణాత్మక మూల్యాంకనం’ అనే పని ఒకటుంది. మైఖేల్ స్క్రివెన్ 1967లో ఆ పేరు పెట్టాడు. పాఠం పూర్తిగా తయారుకాక ముందే నేర్చుకునేవారి మీద ప్రయోగించి దిద్దుకోవడం. మొదట ఒక్కొక్కరితో విడివిడిగా, తర్వాత చిన్న గుంపుతో, ఆపైన నిజమైన తరగతిలో. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. ఒకటో తరగతి వాచకం అచ్చుకు వెళ్లే ముందు, ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి ఆదిలాబాద్‌లో, ఒకటి కర్నూలులో బడిని ఎంచుకుని, ముగ్గురేసి పిల్లల పక్కన చాప మీద కూర్చుంటే చాలు. ఏ అక్షరం దగ్గర వేలు ఆగింది, ఏ బొమ్మ చూసి వేరే మాట పలికారు, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూశారు అన్నవి పేజీ అంచున పెన్సిలుతో రాసుకోవాలి. ఒక పూట పని. ఆ గుర్తులున్న ప్రతిని వాచకం రాసిన కమిటీ బల్ల మీద పెట్టాలి.