మూత్రం వస్తోంది కదా అన్న ధీమా వద్దు

ఎండలు ముదిరాయో లేదో, గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో పాత సందేశమే మళ్లీ తిరుగుతోంది: ‘కిడ్నీలు రాత్రికి రాత్రి పాడవవు. మూత్రం వస్తున్నంత కాలం భయం లేదు. వడదెబ్బ ఒళ్లునొప్పులకు ఒక మాత్ర వేసుకుని, కొబ్బరినీళ్లు బాగా తాగండి. డయాలసిస్ ఒకసారి మొదలైతే జీవితాంతమే.’ దీన్ని నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది.

బీపీ, షుగరు వల్ల కిడ్నీలు ఏళ్ల తరబడి క్షీణించడం ఒక రకం. తీవ్రమైన విరేచనాలు, రక్తంలో ఇన్‌ఫెక్షన్, పాముకాటు, ఎలుకల మూత్రం కలిసిన పొలం నీటి నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ మాత్రం రెండు మూడు రోజుల్లోనే కిడ్నీలను దెబ్బతీయగలవు.

మూత్రం తగ్గడం గట్టి హెచ్చరికే. కానీ మామూలుగా వస్తున్నా లోపల వడపోత పడిపోయి ఉండవచ్చు. నొప్పీ ఉండకపోవచ్చు. తేల్చేది రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పరీక్ష. అది 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్లే. మొన్న 0.8 ఉన్న మనిషికి ఇవాళ 1.2 వస్తే రిపోర్టులో ‘నార్మల్’ అనే ఉండవచ్చు. అందుకే పాత రిపోర్టులు పారేయకండి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఆ మాత్ర గురించి. ఏప్రిల్ ఎండలో మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసిన హమాలీ ఒంట్లో నీరు ఇంకిపోయి ఉంటుంది. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు, శరీరం తానే తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల సాయంతో అక్కడి రక్తనాళాన్ని తెరిచి ఉంచుతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఆ సాయాన్నే ఆపేస్తాయి. టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర కూడా వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఆ మందులు కొనసాగించాలా, ఆపాలా అని డాక్టరును అడగండి. సొంతంగా మానేయవద్దు.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ మంచిది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నిటిలోనే కలపాలి, గ్లాసుడు నీళ్లలో కాదు. మూత్రం ఆగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తుంటే మాత్రం కొబ్బరినీళ్లు పట్టించకండి. అందులోని పొటాషియం బయటికి పోలేక గుండె లయ తప్పిస్తుంది. ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

డయాలసిస్ మాటా అంతే. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునేదాకా అది ఆసరా. కొన్ని వారాల్లో దాన్ని మానేసినవారు ఎందరో ఉన్నారు. కోలుకున్నా మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ మళ్లీ చూపించుకోవాలి. ఆ తర్వాత మోకాలి నొప్పికి మందుల షాపుకు వెళ్లినా, ఒకప్పుడు కిడ్నీ దెబ్బతిన్నదని ముందే చెప్పాలి.