నిరూపించుకోనివాడే నయం

బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ అంటే ఎవరని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఒకటే: చేతులు కాలాక పట్టుకునే ఆకు. ఆట మొదలుపెట్టిన పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు, అలసిపోయినప్పుడో, అతని బంతులు వరసగా గోడ దాటుతున్నప్పుడో మైదానం అంచున ఉన్న బుల్‌పెన్‌లోంచి ఇతన్ని పిలుస్తారు. బుల్‌పెన్ అంటే మాటకు మాటగా ఎద్దుల దొడ్డి. అందులో ఏడెనిమిది మంది పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్కలు ఉమ్ముతూ గంటల తరబడి కూర్చుంటారు. వారిలో ఒకడు లేచి వచ్చి పావుగంట పని చేసి వెళ్తాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌ను, అంటే ఆఖరిదాన్ని, కాపాడేవాడైతే అతనికి క్లోజర్ అని బిరుదు కూడా ఉంటుంది.

ఈ ఆకును కొనేటప్పుడు అది ఇదివరకు ఎన్ని కాలిన చేతులకు పనికొచ్చిందో చూడాలా, అక్కర్లేదా? పిట్స్‌బర్గ్‌లో చలికాలం వచ్చిందంటే మంచు ఎత్తిపోయడం తర్వాత మా ఊరివారికి ఉండే పెద్ద పని ఈ చర్చే. మా ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ ఎవరో పేరు తెలియని రిలీఫ్ పిచర్‌తో ఒప్పందం కుదుర్చుకుంటుంది. ఆ మధ్యాహ్నానికల్లా ఆఫీసు భోజనాల గదిలో పార్టీలు చీలిపోతాయి.

మొదటిది పెళ్లిచూపుల పార్టీ. అబ్బాయి ఏం చేశాడు, ఎక్కడ చేశాడు, అక్కడెందుకు మానేశాడు అని అడుగుతారు. ఆలు లేదు చూలు లేదు, క్లోజర్ పేరు సోమలింగమా అని నిట్టూరుస్తారు. రెండోది వేగం పార్టీ. గంటకు వంద మైళ్ల వేగంతో విసురుతాడట, అది చాలదా అంటారు. మిగతావి నేర్పించుకోవచ్చట. ఆ మిగతావి ఏమిటని అడిగితే, బంతిని బ్యాటర్ ముందు నుంచి పంపడం అని తేలుతుంది. మూడోది జాతకాల పార్టీ. వీరి దగ్గర బంతి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఎన్ని అంగుళాలు పక్కకు జారుతుందో చెప్పే పట్టికలుంటాయి. కుర్రవాడు పోయిన ఏడాది ఆటకో హోమ్ రన్ (బంతి గోడ దాటడమే) ఇచ్చుకున్నా వీరు చలించరు. గురుబలం ఉంది, ప్రస్తుతం శని నడుస్తోంది, వచ్చే మే నుంచి అంతా బాగుంటుంది అని అర్థం వచ్చేలా దశాంశాల్లో చెబుతారు. ఇక యజమాని జేబు ముడి విప్పడని వాపోయే నాలుగో పార్టీ ఉంది గానీ, అందులో అందరూ పుట్టుకతోనే సభ్యులు కాబట్టి దాన్ని పార్టీగా లెక్కపెట్టనక్కర్లేదు.

నాది ఐదోది. ఇప్పటివరకు ఇద్దరమే ఉన్నాం. మా సిద్ధాంతం ఏమిటంటే, రిలీఫ్ పిచర్‌కు ఉండగల ఏకైక సుగుణం నిరూపించుకోకపోవడమే. నిరూపించుకున్నవాడు ప్రమాదకారి. ఎన్ని ఆధిక్యాలు కాపాడాడన్న లెక్క అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. సేవ్ అనే ఆ కొలమానాన్ని తయారు చేసినవాడు జెరోమ్ హోల్ట్జ్‌మన్ అనే షికాగో పత్రికా రచయిత. 1969లో అది అధికారిక లెక్కయింది. అంటే అంతకుముందు రిలీఫ్ పిచర్లు సేవ్‌లు చేసే బాధ లేకుండానే బతికారు. పత్రికల్లో రాసేవాళ్ల ఊహను నమ్మి కోట్ల డాలర్లు ఖర్చు పెట్టే దేశం మరొకటి లేదని, అదే పని చేస్తున్నవాడిగా సగర్వంగా మనవి చేస్తున్నాను.

మా పార్టీలో రెండో సభ్యుడు ఒక పెద్దాయన. 1979లో ఉద్యోగానికని ఈ ఊరికి వచ్చారు. ఆ అక్టోబరులోనే పైరేట్స్ ప్రపంచ సిరీస్, అంటే ఈ ఆటలో అసలు కిరీటం, గెలిచింది. ఇక్కడ ఏటా ఇలాగే ఉంటుందనుకుని ఇల్లు కొన్నారు. ఆ తర్వాత జట్టు సిరీస్ గెలవలేదు, ఆయన ఇల్లు అమ్మలేదు. ఆదివారాలు పెన్‌హిల్స్ కొండమీది వెంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం చేసుకుని, కింద కాగితం పళ్లెంలో పులిహోర పెట్టుకుని కూర్చుంటారు. నిరూపణ గురించి నాకు జ్ఞానోదయం అయింది ఆ పళ్లెం ముందే.

ఆయన పులిహోరను మధ్యలోకి జరిపి, చుట్టూ ఖాళీ చేసి, వేరుశనగ గింజలు ఏరి బేస్‌లలో పెట్టారు. బేస్‌లంటే మజిలీలు, ఆటగాడు వాటిని చుట్టి మొదలుపెట్టిన చోటికి, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. 1992 అక్టోబరు 14, అట్లాంటా. నేషనల్ లీగ్ టైటిల్‌కు ఏడో ఆట, గెలిచినవారే ప్రపంచ సిరీస్‌కు. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. పైరేట్స్ 2-0 ఆధిక్యంలో ఉంది.

"బాబూ, ఈ గింజ రెండో బేస్‌లో ఉంది. తర్వాతవాడు కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ జోసే లిండ్ దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది గోల్డ్ గ్లవ్, అదే ఫీల్డింగ్‌కిచ్చే బహుమతి, అతనికే ఇచ్చారు. పట్టుకోలేకపోయాడు."

"అంటే నిరూపించుకున్నవాడే కదండీ."

"అదే చెబుతున్నాను. మూడు బేస్‌లూ నిండాక స్టాన్ బెలిండాను తెచ్చారు. నాలుగో ఏడు జట్టులో ఉన్నవాడు, అప్పటికి అందరికీ తెలిసిన చెయ్యి. ఒక పరుగు పోయినా ఇద్దరిని ఔట్ చేశాడు. ఇంకొక్కడు చాలు. అప్పుడు అట్లాంటావాళ్లు ఎవరిని పంపారనుకున్నావు? ఫ్రాన్సిస్కో కబ్రేరా అని, ఆ సీజన్‌లో లెక్కకు వచ్చిన బ్యాటింగ్ పది సార్లే చేసినవాడిని."

తర్వాత కథ ఇక్కడి పసిపిల్లలకూ తెలుసు. కబ్రేరా కొట్టిన బంతి ఎడమవైపు పడింది. మూడో బేస్ గింజ ఇంటికి చేరింది. రెండో బేస్ గింజ సిడ్ బ్రీమ్. ఇతను ఒకప్పుడు పైరేట్స్ ఆటగాడే, మోకాళ్లకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయిన మనిషి. పరుగంటే అతనికి బహువచనం తెలియదు. అటు ఎడమవైపు నుంచి బంతి విసురుతున్నది పైరేట్స్ మేటి ఆటగాడు బ్యారీ బాండ్స్. పెద్దాయన ఆ గింజను చూపుడువేలితో నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తోశారు. దానికి పసుపు అంటిన అన్నం మెతుకు ఒకటి అతుక్కుని వెంట వచ్చింది. క్యాచర్ చెయ్యి తగలడానికి అంగుళం ముందు గింజ చేరింది. 3-2. ఆయన ఆ గింజను తినలేదు. పళ్లెం అంచున పక్కకు పెట్టారు.

ఆ చలికాలంలో బాండ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. పైరేట్స్ 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువగా మూటగట్టుకుంది. గోల్డ్ గ్లవ్ బంతి వదిలేసింది, తెలిసిన చెయ్యి ఆట వదిలేసింది, ఎవరికీ తెలియనివాడు గెలిపించాడు. ఇంకా నిరూపణ కావాలంటారా?

ఒక్క ఉదాహరణతో తీర్పు చెబుతున్నానని పెళ్లిచూపుల పార్టీ ఆక్షేపించింది. అయితే మా రాష్ట్రంలోనే రెండో కొసన ఉన్న ఫిలడెల్ఫియా సంగతి చూద్దాం. 2008లో అక్కడి క్లోజర్ బ్రాడ్ లిడ్జ్‌కు సీజన్‌లో 41 సేవ్ అవకాశాలొస్తే 41 కాపాడాడు. ప్లేఆఫ్స్‌లో ఏడుకు ఏడు. జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. భూమ్మీద ఇంతకు మించి నిరూపించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. మరుసటి ఏడాది అదే మనిషి 11 సేవ్‌లు చేజార్చాడు. ఒక్క ఆటా గెలవకుండా ఎనిమిది ఓడాడు. నిరూపణ అనేది నిల్వ ఉండే సరుకు కాదు, పెరుగు లాంటిది. రెండో రోజుకే పులుస్తుంది.

ఇప్పుడు నా సిద్ధాంతానికి మూలస్తంభాల దగ్గరికి వస్తాను. 2008 నవంబరులో, వరసగా పదహారో ఓటమి సీజన్ ముగించుకున్న పైరేట్స్ జట్టు రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఇద్దరిదీ ఉత్తరప్రదేశ్, ఇద్దరూ జావెలిన్ విసిరేవారు. మన దేశంలో సుమారు 37 వేలమంది పాల్గొన్న ఒక పోటీలో తేలినవారు. రింకూ అందులో లక్ష డాలర్లు గెలిచాడు. ఆ ఏడాదికి ముందు వారిద్దరూ బేస్‌బాల్ ఆడినవారు కారు. నిరూపించుకోకపోవడం అంటే ఇదీ. మిగతా జట్లు తెచ్చుకునేది నిరూపించుకోని పిచర్‌ను. పైరేట్స్ ఒక మెట్టు పైకెక్కి, ఆ ఆటతోనే సంబంధం లేనివారిని తెచ్చుకుంది.

అభిమానులు నవ్వారు. ప్రచారం కోసమన్నారు. వాళ్ల నవ్వుకు సమాధానంగా ఒక్క లెక్క చెబుతాను. 2009లో పైరేట్స్ 99 ఆటలు ఓడింది. ఆ 99లో ఒక్కదానికైనా రింకూ గానీ దినేశ్ గానీ బాధ్యులు కారు. అన్నీ నిరూపించుకున్నవారి చేతుల మీదుగానే జరిగాయి. రింకూ అయితే ఆ జులై 13న ఫ్లోరిడాలో, కొత్తవారు ఆడే అట్టడుగు లీగులో, ఒక ఆట గెలిచాడు కూడా. ఇక్కడ నవ్వాపి ఒక మాట చెప్పాలి. ఏడాదిన్నర కిందట ఆ ఆట నియమాలే తెలియని కుర్రవాడు అలా గెలవడం చిన్న విషయం కాదు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ చిన్న లీగుల్లో కొన్నేళ్లు రిలీఫ్ పిచర్‌గా నెట్టుకొచ్చి, చెయ్యి దెబ్బతిని, చివరికి కుస్తీల్లోకి వెళ్లాడు. పెద్ద లీగులో ఇద్దరి రికార్డులోనూ నేటికీ మచ్చ లేదు.

కాబట్టి యాజమాన్యానికి నా విన్నపం. ఇకపై రిలీఫ్ పిచర్‌ను తెచ్చేటప్పుడు అతను బంతి పట్టిన దృశ్యాలేవీ బయటపెట్టవద్దు. మా మైదానంలో ప్రతి ఆట మధ్యలో ఆలుగడ్డ కూరిన కజ్జికాయల వేషాలు వేసుకుని కొందరు పరుగుపందెం పెట్టుకుంటారు. ఆ కజ్జికాయను పిరోగీ అంటారు. నేను చూసిన రోజున ఒక కజ్జికాయ మూడో బేస్ దగ్గర కాళ్లు మెలిబడి బోర్లా పడితే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి లేపారు. ఆ కజ్జికాయ పోయిన ఏడాది ఎలా పరిగెత్తిందని అడిగినవారు లేరు. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నా సిద్ధాంతానికి విరుద్ధమని రిలీఫ్ పిచర్ డేవిడ్ బెడ్నార్‌ను చూపిస్తారు కొందరు. 2021 జనవరిలో మా పిచర్ జో మస్‌గ్రోవ్‌ను శాండియాగోకు ఇచ్చి తెచ్చుకున్న కొందరిలో ఇతనొకడు. పెద్ద లీగులో అప్పటికి ఇరవై ఆటలైనా ఆడలేదు. ఊరు పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న మార్స్. నిజంగానే ఊరి పేరు అదే. జాతకాల పార్టీకి ఇక కుజుడే దిగివచ్చినట్టయింది. మస్‌గ్రోవ్ వెళ్లిన మూడు నెలలకే అక్కడ నో-హిట్టర్, అంటే ఎదుటివారికి ఒక్క హిట్టూ ఇవ్వని ఆట, విసిరేసరికి మిగతావారు తలలు బాదుకున్నారు. బెడ్నార్ మాత్రం రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. 2023లో 39 సేవ్‌లు. అంతే, నిరూపించేసుకున్నాడు. 2024లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 5.77 పరుగులు ఇచ్చుకున్నాడు. 2025లో సీజన్ మొదలైన వారంలోపే చిన్న లీగుకు పంపారు. తిరిగొచ్చి మళ్లీ అద్భుతంగా విసిరాడు. అంత ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకోలేక జులై 31న న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేశారు.

ఆ సాయంత్రం పెద్దాయన ఫోను చేశారు.

"బెడ్నార్‌కు బదులుగా ముగ్గురు పిల్లలు వచ్చారటగా, ఎలాంటివాళ్లు?"

"ఒక్కడూ ఇంకా పెద్ద లీగు గడప తొక్కలేదండీ."

"మంచిది. ముగ్గురూ పిచర్లేనా?"

"ఒక్కడూ కాదండీ."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకా మంచిది" అన్నారు.